శొంఠికి సాక్ష్యం ఉంది, తుమ్మికి పరీక్ష కావాలి

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) లేచిందంటే ఇంట్లో ముందు గుర్తొచ్చేవి రెండు: నుదుటికి శొంఠి పట్టు, ముక్కులో తుమ్మి ఆకు రసం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి పెద్దల వైద్యమని మెచ్చుకోవడమో, నాటు వైద్యమని తీసిపారేయడమో మనకు అలవాటైంది. రెండూ పొరపాటే. శొంఠి సంగతి వేరు, తుమ్మి సంగతి వేరు.

ముందు జబ్బు తీరు చూడాలి. మైగ్రేన్ నొప్పి మందు వేయకపోయినా మామూలుగా 4 నుంచి 72 గంటల్లో దానంతటదే తగ్గుతుంది. రాత్రి పట్టు వేసుకుని పడుకున్నవాళ్లకు తెల్లారేసరికి తేలికవుతుంది. అది పట్టు వల్లనా, నిద్ర వల్లనా, నొప్పి గడువు తీరడం వల్లనా? ఇంటి అనుభవం అబద్ధం కాదు. కానీ ఆ ఒక్కదానితో దీనికి జవాబు దొరకదు. ఇంకో మందుతోనో, చూడ్డానికి మందులా ఉండి లోపల మందు లేని ఉత్తుత్తి మాత్రతోనో పోల్చి చూడాల్సిందే.

శొంఠి విషయంలో ఆ పని జరిగింది. ఇరాన్‌లో 100 మంది రోగుల్లో సగం మందికి శొంఠి పొడి, మిగతా సగానికి మైగ్రేన్‌కు డాక్టర్లు రాసే సుమాట్రిప్టాన్ మాత్ర ఇచ్చి 2014లో ఫలితాలు ప్రచురించారు. రెండు గంటలు గడిచేసరికి ఇరుపక్షాలకూ ఉపశమనం దాదాపు ఒకేలా ఉంది, ఇబ్బందులు శొంఠి వాడినవాళ్లలో తక్కువ. అయితే అందులో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో వర్గం లేదు, అది పెద్ద లోటు. ఆ లోటును 2019లో బ్రెజిల్ వైద్యులు కొంత పూడ్చారు. ఆసుపత్రికి వచ్చిన 60 మందికి నొప్పి ఇంజెక్షన్‌తో పాటు కొందరికి అల్లం సారం, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అల్లం తీసుకున్నవాళ్లే ఎక్కువగా తేరుకున్నారు. పైగా శొంఠి వాంతిని అణచగలదు, మైగ్రేన్‌లో అదీ పెద్ద బాధే.

బ్రెజిల్‌లోనే 2020లో మరో పరీక్ష ఫలితం వచ్చింది. నొప్పి అసలు రాకుండా ఉండాలని మూడు నెలలు రోజూ అల్లం ఇస్తే, నొప్పులు సగానికి తగ్గినవాళ్లు 42 శాతం. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 39 శాతం. అంటే తేడా లేనట్టే. కాబట్టి శొంఠికి ఉన్న సాక్ష్యం నొప్పి మొదలైనప్పుడు కడుపులోకి తీసుకునే పొడికే. రోజూ వేసుకునే చూర్ణానికి లేదు, నుదుటి పట్టుకూ లేదు. పట్టు మంటకు మనసు నొప్పి మీంచి మళ్లవచ్చు, అది వేరే విషయం.

మొక్క మందు కదా, ఏం చేస్తుందిలే అనే ధీమా కూడా వద్దు. యూరప్‌లో బటర్‌బర్ అనే మొక్క వేరు మైగ్రేన్ నివారణకు బాగా పేరుపడింది. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2012లో దాన్ని సిఫారసు చేసి, కాలేయం దెబ్బతింటోందన్న భయంతో 2015లో వెనక్కి తీసుకుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు శొంఠి కూడా డాక్టర్‌ను అడిగే తీసుకోవాలి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పికి, మాట తడబాటుకు, చేయి చచ్చుబడటానికి ఏ ఆకుతోనూ కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక తుమ్మి. మైగ్రేన్ రోగుల మీద దీన్ని సరిగ్గా పోల్చి చూసిన చెప్పుకోదగ్గ పరీక్ష లేదు. పైగా చేలో తెంపి అరచేతిలో నలిపిన రసం నేరుగా ముక్కులోకి పోతుంది, దానితో మట్టి, క్రిములు, పొలంలో కొట్టిన పురుగుమందు కూడా పోతాయి. అందుకే ఇప్పటికి ముక్కులో చుక్కలు వేయొద్దనే నేను చెబుతాను. కానీ తరతరాలుగా జనం నమ్మిన మొక్కను పరీక్షించకుండా వదిలేయడమూ నాకు నచ్చదు. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే రోగులున్నారు, రసాన్ని శుద్ధి చేసి మోతాదు కట్టగల ఫార్మసీ విభాగం కాకతీయ విశ్వవిద్యాలయంలో ఉంది. ముందు భద్రత తేల్చి, తర్వాత అదే రంగు, అదే ఘాటు ఉన్న మరో ద్రవంతో పోల్చి, ఎవరికి ఏది పడిందో రోగికీ డాక్టర్‌కూ తెలియకుండా చూడాలి. నాలుగు సంస్థలూ ఒకే ఊళ్లో ఉన్నాయి, మొదలుపెట్టాల్సింది వాళ్లే.