మా ఊళ్లో ఇంపాక్ట్ ఫ్యాక్టరీ

మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సిరిమాను పండగ ఫ్లెక్సీల మధ్యలో మా కాలేజీ వాళ్లు కూడా ఒకటి కట్టారు. మా హెచ్ఓడీ గారు సూటు బూటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు, పక్కనే ఎందుకో ఒక రాకెట్టు, కింద ఎర్రక్షరాల్లో "పారలల్ కంప్యూటింగ్ అంతర్జాతీయ జర్నల్‌లో పేపర్, ఇంపాక్ట్ ఫ్యాక్టరీ 7.8, హార్దిక శుభాకాంక్షలు". అసలది ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే పరిశోధన పత్రికకి వేసే మార్కు లాంటిది. ఫ్లెక్సీ మీద మాత్రం ఫ్యాక్టరీ అనే ఉంది. ప్రింటింగ్ షాపు కుర్రాడి పొరపాటు అంటున్నారు గానీ, ఈ వ్యవహారం మొత్తం అర్థమైనవాడు ఊళ్లో వాడొక్కడే అని నా నమ్మకం.

ఎదురుగా టీ బడ్డీ ఆయన ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసినవాడు. నన్ను ఆపి, "మాష్టారూ, మీ కాలేజీవోలు ఫేక్టరీ ఎడతన్నారంట గదా, మావోడు ఐటీఐ పాసైపోనాడు, ఏటైనా సూడండి బాబూ" అన్నాడు. మిల్లులు ఒక్కోటీ మూతపడ్డ జిల్లాలో ఆ అక్షరాలు ఎవరైనా అలాగే చదువుకుంటారు. నేనేం చెప్పను, టీ తాగి వచ్చేశాను.

ఇంతకీ ఆ 7.8 అంటే ఏమిటయ్యా అంటే, ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లని ఈ ఏడాది పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో (ఆ ఉదహరించడాన్నే సైటేషన్ అంటారు) లెక్కపెట్టి, దాన్ని ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే పెద్దమనిషికి 1955లో మొలకెత్తిన ఆలోచన, 1975 నుంచి ఏటా లెక్కల చిట్టాగా వస్తోంది, లైబ్రరీ వాళ్లు ఏ పత్రికకి చందా కట్టాలో తేల్చుకోడానికి బాగా పనికొచ్చింది. అంటే అది కొట్టు మొత్తం మీద సగటు, మీరు కొన్న బియ్యం బస్తాలో పురుగుందో లేదో అది చెప్పదు. మా సారు మాత్రం దాన్ని తన జాతకంలో గురుబలం లాగా చెప్పుకుంటారు. పైగా సంపాదకీయాలూ ఉత్తరాలూ భాగహారంలో కింద లెక్కకి రావు, వాటికొచ్చిన సైటేషన్లు మాత్రం పైన కలుస్తాయి, పంక్తిలో కూర్చోనివాడి విస్తరి కూడా లెక్కలో వేసినట్టు.

పారలల్ కంప్యూటింగ్ అంటే ఒక పనిని ముక్కలు చేసి చాలా ప్రాసెసర్లతో ఒకేసారి చేయించడం. నిజంగానే ఆ పేరుతో ఒక మంచి జర్నల్ ఉంది, 1984 నుంచి వస్తోంది. ఇన్నేళ్లలో దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పదికి చేరిన పాపాన పోలేదు, ఎవడూ ఫ్లెక్సీ కట్టలేదు. అసలీ రంగంలో గట్టి పని చాలావరకు కాన్ఫరెన్సుల్లో వస్తుంది. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు 1967లో చెప్పింది కూడా కాన్ఫరెన్సులోనే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా పనిలో ఒకదాని తర్వాత ఒకటిగా చెయ్యాల్సిన భాగమే వేగానికి హద్దు పెడుతుందని. ఆ లెక్కన ఆ భాగం 5 శాతం ఉంటే వేగం 20 రెట్లు దాటదు. ఇవాళ్టికీ అందరూ ఆ పేపర్‌ని ఉదహరిస్తారు, రెండేళ్ల లెక్కలో దాని విలువ గుండుసున్నా. మా కాలేజీకి ఆ సూత్రం వర్తించదులెండి. పేపర్ రాయడంలో వరసగా చెయ్యాల్సిన భాగం ఆలోచించడం ఒక్కటే, దాన్ని మేం ఎప్పుడో తీసేశాం, అందుకే మా వేగానికి హద్దు లేదు.

ఇక సైటేషన్లు ఎలా వస్తాయో చూడాలంటే జూన్ నెలాఖరున మా స్టాఫ్ రూంకి రావాలి, పెళ్లి పందిట్లో చదివింపులే చదివింపులు. ఒకాయన నోట్ పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. "సివిల్ డిపార్ట్‌మెంట్ ఫ్లై యాష్ ఇటుకల మాష్టారికి మనం పోయినేడాది 3 ఇచ్చాం, ఆయన 2 తిరిగిచ్చారు, 1 బాకీ." "కెమికల్ మేడం గారు 5, వారి వేరుశనగ తొక్కల బొగ్గు పేపర్లకి మనం 5 పెట్టాలి." పారలల్ కంప్యూటింగ్ పేపర్లో వేరుశనగ తొక్కలు ఎక్కడ పెడతారని అడక్కండి, "ఈ మధ్యకాలంలో వివిధ రంగాల్లో విశేష కృషి జరిగింది" అని ఒక వాక్యం రాసి పక్కన 9 నుంచి 31 వరకు అంకెలు వేస్తే బంధుమిత్రులంతా కూర్చుంటారు. కొత్తగా చేరిన కుర్రాడు "సార్, ఆ పేపర్ చదవలేదు" అన్నాడు పాపం. "1116 చదివించినవాడు పెళ్లికూతురి మొహం చూశాడా?" అన్నారు పుస్తకం ఆయన. 2024లో ఇద్దరు పరిశోధకులు లారీ అనే పిల్లి పేరు మీద 12 దొంగ పేపర్లు పెట్టి దానికి వందకు పైగా సైటేషన్లు తెచ్చి చూపించారు గూగుల్ స్కాలర్‌లో. మా పుస్తకంలో దానికి బాకీ ఉన్నామో లేదో చూడాలి.

సరే, ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. గజపతినగరం అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఎంటెక్ అమ్మాయి ఒకతె ఉంది. ల్యాబ్‌లో 30 సిస్టమ్స్, ఆన్ అయ్యేవి 11. వాటిలో ఒకదాని మీద ప్రోగ్రాం నడిపితే థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పని ముక్కలు, పెంచేకొద్దీ ఇంకా నెమ్మదిస్తోంది. మూడు రోజులు కూర్చుని తేల్చింది: రెండు థ్రెడ్లు వేర్వేరు లెక్కలే చేస్తున్నా, ఆ రెండు అంకెలూ ప్రాసెసర్ దగ్గరుండే చిన్న మెమరీలో ఒకే గడిలో, అంటే ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో పడ్డాయి. ఒకే పలక మీద ఇద్దరు పిల్లలు చెరో మూలా రాసుకుంటూ పలక లాక్కుంటున్నట్టు. మధ్యలో ఖాళీ వదిలితే సరిపోయింది. అంత ముచ్చటగా చెప్పింది నాకు. గైడ్ గారేమన్నారు? "ఇది పేపర్ అవదమ్మా, స్పీడప్ 60, అంటే వేగం 60 రెట్లు వచ్చిందని గ్రాఫ్ గీసుకురా." నాలుగు కోర్ల మెషీన్ మీద, అంటే నాలుగు ప్రాసెసర్ల పాటి దాని మీద అరవయ్యా? సిగ్గుండాలి కదా! ఆ 7.8 పేపర్లో 64 నోడ్ల క్లస్టర్, అంటే 64 కంప్యూటర్లు కలిపి కట్టిన గుంపు ఉంది, మా ల్యాబ్‌లో యూపీఎస్ కీచుమని అరవడం తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల పేరు అందులో రచయితల వరసలో ఐదోది, దానికి తెలీకుండానే వేశారు. తెలిశాక నా దగ్గరికొచ్చి "సార్, పేరు తీయించుకోవడం కుదరదా" అని అడిగింది. చదువుకోడానికి వచ్చిన పిల్లని దొంగ సంతకంలో సాక్షిగా నిలబెట్టి పైన శాలువా కప్పించుకుంటున్నారు వీళ్లు.

మొన్న వానకి ఫ్లెక్సీ ఊడిపోయింది. నిన్న చూస్తే టీ బడ్డీ పైకప్పు మీద ఉంది, హెచ్ఓడీ గారు వెనక్కి మడత పడ్డారు, ముందుకి "ఫ్యాక్టరీ 7.8" కనిపిస్తోంది. "సుక్క కూడా కారతం నేదు మాష్టారూ," అన్నాడు ఆయన గ్లాసు అందిస్తూ, "మంచి సరుకు."