ఖాళీ చేసింది ఇల్లే, ఖాతా కాదు

ఆషాఢం దాటి శ్రావణం వచ్చిందంటే కర్నూలు వెంకటరమణ కాలనీలో, అనంతపురం సాయినగర్‌లో, కడప ఎర్రముక్కపల్లెలో సామాన్ల ఆటోలు బారులు తీరతాయి. బాడుగ ఇల్లు చూడటానికి పోయినవాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పటినుంచో అవే: నీళ్లు ఏ పూట వదులుతారు, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఏటా ఎంత పెంచుతారు. ఆ వరసలో ఇప్పుడు ఇంకోటి చేర్చుకోక తప్పదు. గోడ మీద మీటరుకు డబ్బు ముందు కట్టాలా, వెనక కట్టాలా? ముందు కట్టేదైతే, నిన్నటిదాకా ఉన్నవాళ్ల లెక్క ఎక్కడ ఆగింది?

మన దగ్గర స్మార్ట్ మీటర్లు ఆఫీసులు, దుకాణాల గోడలు ఎక్కాయి. ఇళ్లకు బిగించాలా వద్దా అన్న వాదం వీధుల్లోనూ, సభల్లోనూ నడుస్తూనే ఉంది. ఆ వాదంలో మా మాట వేరే సందర్భంలో చెబుతాం. ఇక్కడ చెప్పదలచుకున్నది చిన్నది, కానీ రోజూ తగిలేది. ప్రీపెయిడ్ ఉన్న ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లు ముందుగా అనే మాట, ‘ఈ మీటరు పీకించేయాలి’ అని. పీకించాల్సింది మీటరును కాదు. స్మార్ట్ మీటరు అనే పెట్టె ప్రీపెయిడ్‌గానూ పనిచేస్తుంది, నెలాఖరు బిల్లు పద్ధతిలోనూ పనిచేస్తుంది. ప్రీపెయిడ్ అనేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, సర్వరులో ఆ సర్వీసు నంబరుకు పెట్టిన ఒక అమరిక. లైన్‌మన్ నిచ్చెన వేసుకుని రానక్కరలేదు, ఆఫీసులో కూర్చుని మార్చవచ్చు. పాతకాలపు కీప్యాడ్ మీటరు సంగతి వేరు. దాని మీద ఫోను మాదిరి అంకెల మీటలు ఉంటాయి, రీచార్జి చేస్తే వచ్చే 20 అంకెల టోకెన్‌ను వాటి మీద కొట్టాలి. డబ్బు ఆ పెట్టెలోనే ఉంటుంది, ఒక మీటరు టోకెన్ ఇంకో మీటరుకు పనిచేయదు. ప్రీపెయిడ్ వద్దంటే ఆ మీటరునైతే మార్చాల్సిందే. కాబట్టి అర్జీ రాసే ముందు గోడ మీదున్నది ఏ రకమో చూసుకోవాలి. ‘మీటరు తొలగించండి’ అని రాస్తే సర్వీసే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆ తర్వాత కొత్త సర్వీసుకు మళ్లీ డిపాజిట్, మళ్లీ చార్జీలు, మళ్లీ తిరుగుడు.

ఇల్లు ఖాళీ చేసే రోజు నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే చిక్కంతా అక్కడే పడుతుంది. నెలాఖరు బిల్లు పద్ధతిలో బాడుగదారు వెళ్లిపోయాక చివరి బిల్లు వస్తుంది, నష్టం ఇంటి యజమానిది. ప్రీపెయిడ్‌లో ఇది తిరగబడుతుంది. బాడుగదారు ముందే వేసిన డబ్బు సర్వీసు ఖాతాలో మిగిలిపోతుంది. ఆ ఖాతా యజమాని పేరున ఉంటుంది గనుక డిస్కం తిరిగి ఇచ్చినా యజమానికే ఇస్తుంది. అందుకే తాళాలు ఇచ్చే రోజు యజమానిని మీటరు ముందు నిలబెట్టి, మీట నొక్కుతూ తెర మీద వచ్చే మొత్తం యూనిట్ల అంకెను, మీటరు నంబరును ఫొటో తీసుకుని, యాప్‌లో మిగిలిన బ్యాలెన్సు చూపించి ఆ మొత్తాన్ని అడ్వాన్సు లెక్కలో కలిపి తీసుకోవడమే మంచిది. చివరి వారంలో 500, 1000 కాకుండా 100, 200 చొప్పున రీచార్జి చేసుకుంటే తగువు తక్కువ. యూపీఐ యాప్‌లో దాచుకున్న పాత సర్వీసు నంబరును కూడా తీసేయాలి. 13 అంకెల నంబరును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అలవాటుగా వేలు నొక్కితే పాత ఇంటికి కరెంటు కొన్నట్టే.

ఈ రాజీలన్నీ లేకుండా అడిగే హక్కు సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లకు ఉంది. కేంద్రం 2020 డిసెంబరు 31న నోటిఫై చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, సర్వీసు వద్దని అడిగితే డిస్కం ప్రత్యేక రీడింగ్ తీసి ఐదు రోజుల్లో తుది బిల్లు ఇవ్వాలి. అది కట్టాక ‘ఫైనల్ బిల్లు’ అని ముద్ర వేసిన రసీదు ఇవ్వాలి, ఆ రసీదే నో డ్యూస్ సర్టిఫికెట్. మిగిలిన డిపాజిట్‌ను ఏడు రోజుల్లో వాపసు చేయాలి. సర్వీసు ఉండగానే ఒక బాడుగదారు పోయి ఇంకొకరు వచ్చినప్పుడు కూడా ఇలాంటి లెక్క తెగగొట్టుడు కావాలని మా వాదన. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

మన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6. శ్లాబు లెక్క నెలకు, సర్వీసుకు. మనిషికి కాదు. పాత బాడుగదారు 15వ తేదీలోపు 125 యూనిట్లు కాల్చి వెళ్లాడనుకుందాం. మీరు 16న దిగి నెలాఖరుకు 100 యూనిట్లు వాడితే, మీ మొదటి యూనిట్ నుంచే ఆరు రూపాయల శ్లాబు. మొత్తం 600 రూపాయలు. అదే 100 యూనిట్లు మీ లెక్కగా మొదలై ఉంటే 30 యూనిట్లకు 57, తర్వాతి 45కు 135, మిగిలిన 25కు 112.50, కలిపి రూ.304.50. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు ఇందులో కలపలేదు. దగ్గర దగ్గర రూ.295 తేడా. కొత్త మీటరు గిర్రున తిరుగుతోందని పేటలో వినబడే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక ఈ శ్లాబు మెలికే ఉంటుంది. బిల్లు కాగితం చేతికి వచ్చే పద్ధతిలో ఇది కనీసం కళ్లకు కనబడేది. బ్యాలెన్సు రోజూ కాస్త కాస్త కరిగే పద్ధతిలో కనబడదు కూడా. నెల మధ్యలో మారేవాళ్లు ఒకటో తేదీకి మారడానికి ఒక కారణం దొరికింది, ముహూర్తం ఒప్పుకుంటే.

ఇక దిగే ఇంటి సంగతి. మెట్ల కింద ఒకే బోర్డు మీద ఐదారు మీటర్లు ఉన్న మిద్దెల్లో మీ పోర్షన్‌కు ఏ మీటరో యజమాని మాట నమ్మి ఊరుకోవద్దు. వైరింగ్ చేసినప్పుడు పైపోర్షన్, కిందిపోర్షన్ తారుమారు కావడం మామూలు. ఇంట్లో మెయిన్ ఎంసీబీ ఆపి కిందికి దిగి చూడండి. మీ మీటరైతే మినుకుమినుకుమనే ఎర్ర లైటు ఆగాలి. ఆగలేదంటే, మీ రీచార్జితో పక్కింటి కూలరు తిరుగుతోందన్నమాట, లేదా మీ తీగ నుంచి ఇంకెవరో లాగుతున్నారు. లైటు ఆగిన తర్వాత ఇంకో పరీక్ష. మీటరు పలక మీద ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మెరుస్తుందో అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉంటే, రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే వేసి మిగతావన్నీ ఆపి నిమిషం పాటు లెక్కపెట్టండి. ఇంచుమించు 107 మెరుపులు రావాలి. వోల్టేజి తక్కువగా ఉన్న సాయంత్రం 90 వచ్చినా ఆశ్చర్యం లేదు. 150 వస్తే మీటరును అనుమానించాల్సిందే. అలాంటప్పుడు ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లో పక్కన మరో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండింటి లెక్కా సరిచూడాలని 2024లో నిబంధనలకు చేసిన సవరణ చెబుతోంది. టోల్‌ఫ్రీ నంబరు 1912కు ఫోన్ చేసి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలి.

సర్వీసుకు ఏ ఫోను నంబరు జోడించి ఉందన్నది ఇంకో విషయం. బ్యాలెన్సు తగ్గిందన్న సందేశం ఖాళీ చేసి వెళ్లినాయన ఫోనుకు పోతుంటే, మీకు తెలిసేది ఫ్యాను ఆగినప్పుడే. సెక్షన్ ఆఫీసులో నంబరు మార్పించుకోవడం మొదటి రోజు పని. అలాగే మంజూరైన లోడు, అంటే ఒకేసారి ఎంత కరెంటు లాగవచ్చని డిస్కం ఒప్పుకుందో, చూసుకోవాలి. ఒక కిలోవాట్ లోడున్న సర్వీసు మీద ఏసీ, గీజరు కలిసి నడిస్తే స్మార్ట్ మీటరు ఆ గరిష్ఠ డిమాండ్‌ను నమోదు చేసి పెట్టుకుంటుంది. పాత మీటరు మాదిరి చూసీచూడనట్టు పోదు.

ఇల్లు కొన్నవాళ్లకు గండం పాత బకాయి. అమ్మేవాడు బకాయిలన్నీ తీర్చి అమ్మాలని, తీర్చకపోతే అవి కట్టేదాకా సరఫరాకు నిరాకరించవచ్చని మన రాష్ట్ర సరఫరా షరతుల్లోనే ఉంది. ఇలాంటి నిబంధన చెల్లుతుందని 2023 మేలో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఆ అప్పు నాది కాదు’ అనే వాదన అందుకే నిలవదు. ప్రీపెయిడ్ ఖాతాలో ఈ పాత బాకీ ఇంకా గుట్టుగా కూర్చుంటుంది. రోజువారీ కోతగా పెడితే మీరు వేసిన 500లో కొంత కరెంటుకు కాకుండా దానికి పోతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే డిస్కం బిల్లుల లెక్కలు చూసే ఈఆర్వో ఆఫీసులో ఆ సర్వీసు ఖాతా వివరం తీయించి, బాకీ సున్నా అని చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఆ తర్వాత రిజిస్టర్డ్ డాక్యుమెంటు నకలు, ఆధార్‌తో పేరు మార్పు. రెండేళ్ల కిందటి బాకీని ఇన్నాళ్లూ బిల్లుల్లో వరసగా చూపకుండా ఇప్పుడు హఠాత్తుగా తవ్వి తీస్తే, 2003 విద్యుత్ చట్టం 56(2) సెక్షన్ దాని కోసం కరెంటు తీయనివ్వదు. ఆ సెక్షన్ నంబరు అర్జీలో రాస్తే కౌంటరు దగ్గర మాట తీరు మారుతుంది.

మరి ప్రీపెయిడ్ వద్దని అడిగితే? ఇక్కడే చట్టం, నిబంధన ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. చట్టంలోని 47(5) సెక్షన్, ప్రీపేమెంట్ మీటరుకు సిద్ధపడిన వినియోగదారు నుంచి డిపాజిట్ అడగకూడదంటుంది. సిద్ధపడటం అంటే ఇష్టం ఉండటమే అని మేము చదువుతున్నాం. 2020 నిబంధనలేమో కనెక్షన్ అంటూ ఇస్తే స్మార్ట్ ప్రీపెయిడ్ లేదా ప్రీపెయిడ్ మీటరుతోనే ఇవ్వాలని, మినహాయింపు కావాలంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించాలని అంటున్నాయి. అంటే తాళం చెవి మండలి చేతిలో ఉంది. ఆ మండలి ఎక్కడో లేదు, మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో కూర్చుని ఉంది. డిపాజిట్ కట్టే వినియోగదారును నెలాఖరు బిల్లుకు మార్చాలని, ఎన్ని రోజుల్లో మార్చాలో కూడా చెబుతూ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి మండలికి పెద్ద ఖర్చేమీ కాదు. రెండు నెలల సగటు వాడకానికి సరిపడా డిపాజిట్, జనం భాషలో ఏసీడీ, కట్టమంటే కట్టేవాళ్లు ఉన్నారు. దానికి వడ్డీ కూడా ఇవ్వాలని అదే 47వ సెక్షన్ చెబుతోంది. తిరిగి ప్రీపెయిడ్‌కు మారితే ఆ డిపాజిట్ ఖాతాలో జమ పడాలి. ఆ జమ పడిందో లేదో చాలామంది చూసుకోరు.

అన్ని ఇళ్లకూ ప్రీపెయిడ్ చెడ్డదని మేము అనడం లేదు. బాడుగదారులు బిల్లు ఎగ్గొట్టి పోయిన చేదు తెలిసిన యజమానులకు, రోజు కూలితో రోజు కొనుక్కునే కుటుంబాలకు అది సుఖమే కావచ్చు. భయం వేరేచోట ఉంది. నెలాఖరు బిల్లు కట్టకపోతే 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చాకే తీగ తీయాలి, అది 56వ సెక్షన్. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్సు అయిపోయి కరెంటు పోతే దాన్ని ‘డిస్‌కనెక్షన్’గా లెక్కించరాదని నిబంధనల్లోనే రాసుకున్నారు. లెక్కించకపోతే నోటీసూ లేదు. ఆక్సిజన్ కాన్సెంట్రేటరు మీద ఉన్న ముసలాయనకు, 43 డిగ్రీల మే మధ్యాహ్నం పసిబిడ్డ ఉన్న ఇంటికి ఈ మాటల తేడాతో పనిలేదు.

ఈ పొరపాటు చేసి దిద్దుకుంటున్న దేశం ఒకటుంది. బ్రిటన్‌లో బాకీ పడ్డ ఇళ్లకు బలవంతంగా ప్రీపేమెంట్ మీటర్లు బిగించడాన్ని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023 ఫిబ్రవరిలో ఆపించింది. అదే ఏడాది నవంబరు నుంచి కొత్త నియమాలు వచ్చాయి. 75 ఏళ్లు దాటి ఇంట్లో తోడు లేనివాళ్లకు బలవంతంగా బిగించకూడదు. మన జిల్లాల నుంచి చదువులకు అక్కడికి పోయిన పిల్లలు అద్దె ఇంట్లో పాత వాళ్ల ‘కీ’తో (రీచార్జి డబ్బును మీటరుకు చేర్చే తాళం చెవి లాంటిది) రీచార్జి చేయకుండా, ముందు సరఫరా కంపెనీకి దిగిన తేదీ, రీడింగ్ చెప్పి కొత్త కీ తీసుకోవాలి. లేకుంటే పాత వాళ్ల బాకీ వీళ్ల పౌండ్లతో తీరుతుంది.

మండలిని మేము అడిగేది నాలుగు ముక్కలు. బాడుగదారు మారిన రోజు యజమాని, కొత్తవారు కలిసి అడిగితే ప్రత్యేక రీడింగ్ తీసి శ్లాబు లెక్కను ఆ రోజుతో తెంచాలి. మిగిలిన బ్యాలెన్సును యజమాని రాసిచ్చిన సమ్మతితో బాడుగదారు బ్యాంకు ఖాతాకే పంపాలి. పద్ధతి మార్పు అర్జీకి సెక్షన్ ఆఫీసులో రసీదు, గడువు ఉండాలి. వైద్య పరికరాలున్న ఇళ్ల జాబితా పెట్టి, బ్యాలెన్సు సున్నా అయినా రాత్రిపూట, సెలవు రోజున కరెంటు ఆగకుండా చూడాలి. ఇవి వచ్చేదాకా అర్జీని రెండు ప్రతులుగా రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం వినియోగదారుల పని. జవాబు రాకపోతే ఆ ప్రతిని జతచేసి తిరుపతిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పంపవచ్చు. లాయరు అక్కరలేదు.