“స్నో ఎక్కడికి పోతుందమ్మా?”

స్కీ టూర్‌కి, అంటే కొండ స్కీల మీదే నడిచి ఎక్కి జారుతూ దిగడానికి, పొద్దున ఎనిమిదింటికి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ అనే కనుమ దగ్గర పార్కింగ్‌లో కలుద్దాం అనుకున్నాం. ఎనిమిదంటే ఎనిమిదే అని గ్రూపులో రెండుసార్లు రాశాను. మేమిద్దరం ఏడూ నలభైకే చేరి, బూట్లు బిగించుకుని, బీకన్లు (మంచు కింద పడ్డ మనిషిని వెతకడానికి సిగ్నల్ ఇచ్చే పరికరాలు) చెక్ చేసుకుని నిలబడ్డాం. మిగతా ఇద్దరూ వచ్చింది పదీ పదికి. దారిలో మన్రోలో టిఫిన్‌కి ఆగారట. అరవలేదు నేను. “లేటయింది అన్నా, స్నో పోతుంది” అన్నాను, అంతే. ఆ ఇద్దరిలో ఒకరైన ఈ అన్న కాఫీ కప్పు కారు మీద పెట్టి, నవ్వి, “స్నో ఎక్కడికి పోతుందమ్మా? కొండంత ఉంది” అన్నాడు.

పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను, ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

ఈ వారమంతా ఇక్కడ వాతావరణం తలకిందులుగా ఉంది. సియాటిల్ పక్కన సమామిష్‌లో మా ఇంటి ముందు పొగమంచు, కారు అద్దం గీకితే గానీ దారి కనపడదు. నాలుగు వేల అడుగుల ఎత్తున పాస్‌లో మాత్రం పొద్దున్నే ఆరు డిగ్రీలు, మబ్బు తునక లేదు. చల్లగాలి బరువుగా లోయల్లో కూర్చుంటే వెచ్చగాలి దాని మీద మూతలా పడుకుంటుంది. కొత్తగా మంచు పడి పది రోజులు దాటింది. అలాంటప్పుడు దక్షిణం వైపు వాలు మీద జనవరిలోనే ఏప్రిల్ నాటి స్నో తయారవుతుంది. దాన్నే కార్న్ అంటారు. పగలు ఎండకి కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి, మళ్లీ గడ్డకట్టి గింజకడుతుంది. గాలి వెచ్చగా ఉన్నా సరే, మబ్బు లేని రాత్రి మంచు తన వేడిని ఆకాశానికి వదిలేసి పైపొర బిగుసుకుంటుంది. పొద్దున్నే దాని మీద కాలు పెడితే సిమెంటు గచ్చే. ఎండ తగిలాక పైన ఒక్క అంగుళం వదులవుతుంది, కింద ఇంకా గట్టిగానే ఉంటుంది. గుప్పిట్లోకి తీసుకుంటే రాళ్లుప్పులా పలుకులు పలుకులుగా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఆ అంగుళం మీద స్కీ తిప్పితే కాలికి ఏ బరువూ తెలియదు, నెయ్యి రాసిన పళ్లెం మీద తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఆ స్థితి ఉండేది గంట. మహా అయితే గంటన్నర. నేను రెండు రోజులు ఫోర్‌కాస్ట్ చూసి, వాలు ఏ దిక్కుకుందో మ్యాప్‌లో చూసి, పదిన్నర నుంచి పదకొండున్నర అని లెక్కేసుకున్నాను. ఎనిమిదింటికి బయల్దేరితే స్కైలైన్ లేక్ వైపు పైకెక్కి, నీళ్లు తాగి, స్కిన్స్ (ఎక్కేటప్పుడు జారకుండా స్కీల కింద అంటించే పట్టీలు) తీసి మడతపెట్టేసరికి సరిగ్గా ఆ వేళ అవుతుంది. పదీ పదికి వచ్చి, బూటు బకిల్ పట్టట్లేదని ఇరవై నిమిషాలు, ఫోటోలకి పది నిమిషాలు తినేస్తే ఏమవుతుంది? పైకి చేరేసరికి పన్నెండూ ముప్పావు.

ఇద్దరం ముందే వెళ్లిపోవచ్చు కదా అని అడుగుతారేమో. అన్నతో వచ్చిన రెండో ఆయనకి ఇది మొదటి టూర్. తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆయన బ్యాగులో పార ధర చీటీ కూడా తీయకుండా ఉంది, పిడి బిగించి చూసుకోనే లేదు. అలాంటి మనిషిని పార్కింగ్‌లో వదిలేసి వెళ్లడం నాకు చేతకాదు. మంచు కింద మనిషి ఉంటే మన చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలు. ఆ టైములో పిడి ఎటు తిప్పితే బిగుస్తుందో వెతుక్కుంటామా?

పైన స్కీ విప్పి కాలు పెట్టి చూశాను. పిక్క దాకా దిగింది. పైపొర, కిందిపొర అన్న తేడా లేదు, అంతా తడి ముద్ద. మా ఎడమ వైపు వాలు మీద రాళ్ల దగ్గర నుంచి మంచు ఉండలు వాటంతటవే దొర్లడం మొదలుపెట్టాయి. నిమ్మకాయంత మొదలై, చుట్టుకుంటూ చుట్టుకుంటూ కిందికెళ్లేసరికి కుండంత అవుతున్నాయి. అది కొండ మనకి చెప్పే మాట. తడిమంచు ఒక చుక్క దగ్గర కదిలి విసనకర్రలా విచ్చుకుంటూ దిగుతుంది, పక్కనున్న మంచునంతా లాక్కుంటూ. దాని కింద చెట్లో గుంటో ఉంటే మనిషిని నేరుగా అందులోకే తోస్తుంది.

“ఆ వాలు వద్దన్నా, వచ్చిన దారినే దిగుదాం” అన్నాను. “రిలాక్స్ అవ్వమ్మా, చిన్న ఉండలే కదా” అన్నాడు అన్న.

చిన్న ఉండలు! ఆయన నిలబడిన చోటుకి కొన్ని మైళ్ల పడమరనే వెల్లింగ్టన్ అనే రైల్వే ఊరు ఉండేది. 1910 మార్చి 1 తెల్లవారుజామున, రోజుల తరబడి కురిసిన మంచు మీద వాన పడి, ఉరుములు ఉరిమి, కొండవాలు మొత్తం ఊడి కిందికొచ్చింది. మంచుకి కదలలేక ఆగిపోయిన రెండు రైళ్లని లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అమెరికాలో ఇప్పటికీ అంతకంటే ఎక్కువ మందిని తీసుకున్న అవలాంచ్, అంటే మంచు విరిగిపడటం, లేదు. ఇప్పుడక్కడ ఐరన్ గోట్ ట్రెయిల్ ఉంది. ప్రతి అక్టోబరులో ఆకులు ఎర్రబడ్డాయని ఈయనే పిల్లాపాపలతో వెళ్లి అక్కడ ఫోటోలు దిగుతాడు. బోర్డులు రాసిపెట్టింది ఎందుకు, చదవడానికి కాదా? 2012 ఫిబ్రవరిలో ఇదే స్టీవెన్స్ పాస్ పక్కన టనెల్ క్రీక్‌లో ముగ్గురు పోయారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, ఈ కొండలని ఏళ్ల తరబడి ఎరిగినవాళ్లు.

సరే, చివరికి దిగాం, వచ్చిన దారినే. ఆయన మూతి ముడుచుకునే దిగాడు.

దారిలో నాన్నకి ఫోన్ చేశాను. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నాన్న ఈ జన్మలో మంచు చూడలేదు. జరిగింది చెప్పాను. అంతా విని, “పొద్దున గట్టిగా ఉండి, పొద్దెక్కితే వదులై, ఆనెక చిత్తడి అయితాదా? మరి వేకువనే పోవాల్సింది గదమ్మా. అదను దాటినాంక పోతే ఏముంటాది?” అన్నాడు. ఒక్క నిమిషంలో అర్థమైంది ఆయనకి. ఎందుకు కాదు? ఆయన జీవితమంతా పదునుకి కాపలా కాశాడు. తొలకరి పడితే నేలలో పదును ఉండేది రెండు మూడు రోజులు. ఆ లోపల గొర్రు తోలి శనక్కాయ విత్తేయాలి. ఎద్దులు దొరక్కపోతే అరువు తెచ్చుకుని, తిండి గట్టు మీదే తిని, దీపం పెట్టుకుని విత్తిన రాత్రులు నాకు గుర్తున్నాయి. నాలుగో రోజు వెళ్తే మట్టి అక్కడే ఉంటుంది, పదునే ఉండదు. “నేల ఎక్కడికి పోతుంది” అని ఏ రైతూ అనడు. ఈ అన్న కూడా రైతు బిడ్డే. అదే నాకు మండేది. ఆఫీసు కాల్‌కి ఒక్క నిమిషం లేటైతే కంగారుపడి సారీ చెప్పే మనిషి, కొండ దగ్గర రెండు గంటలు లేటై నవ్వుతాడు.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి రెండేళ్ల నాటి మాట కూడా చెప్పేస్తాను. కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కాదు. ఇక్కడి ఇంకో కనుమ స్నోక్వాల్మీ పాస్‌లో, వాన పడి గట్టిపడ్డ పొర మీద కొత్త మంచు, దాని మీద గాలి. ఆ రోజు అవలాంచ్ ప్రమాదం లెవల్ ఐదులో మూడు. జనం ఎక్కువగా పోయేది ఐదో లెవల్ రోజుల్లో కాదు, ఆ రోజు ఎవరూ ఇల్లు కదలరు. రెండు, మూడు ఉన్న రోజుల్లోనే పోతారు. చెట్లు దాటగానే నా స్కీల కింద మంచు ధబ్ మని కూలిన చప్పుడు, వాలు ఊడొస్తుందనడానికి గుర్తు. ఒంట్లో నరాలన్నీ బిగుసుకున్నాయి. వెనక్కి తిరిగాను, అందరినీ తిప్పాను. నెల తర్వాత ఉగాది పాట్‌లక్‌లో, పాతిక మంది ముందు, పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని ఈ అన్నే అన్నాడు: “మా చెల్లెమ్మ మంచు దగ్గిందని ఇంటికొచ్చేసింది.” అందరూ నవ్వారు. అదే సీజన్‌లో ఇంకో ఆయన గాలి ఎక్కువగా ఉందని సగంలో దిగొచ్చేస్తే, “అనుభవం అంటే అదీ” అని భుజం తట్టాడు. మగవాడు దిగొస్తే అనుభవం, నేను దిగొస్తే భయమా? పదకొండు సీజన్లు స్కీ చేశాను, రెండు అవలాంచ్ కోర్సులు చేశాను. ఇంకెన్ని చేస్తే నా మాట మాటవుతుంది?

పైగా ఈ సాయంత్రం గ్రూపులో అన్న ఫోటో. ఒట్టి టీషర్టుతో నిలబడి, “జనవరిలో స్ప్రింగ్! సూపర్ వెదర్!” అని. కింద ముప్పై లైకులు. జనవరిలో మంచు కరగడంలో సూపర్ ఏముంది? ఈ కొండల మీది మంచే మనకి చెరువు. వేసవి దాకా అక్కడే గడ్డకట్టి ఉండి, మెల్లగా కరిగి, తోటలుండే యాకిమా లోయకి దిగాలి. మనం కాస్ట్కోలో డబ్బాలకొద్దీ కొనే యాపిళ్లు, చెర్రీలు ఆ నీళ్లతో పండినవే. 2015లో చలికాలమంతా పడాల్సిన తడి దాదాపు పడింది, కానీ మంచుగా కాదు, వానగా. వేసవికి కరువు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ దాదాపు రాష్ట్రమంతటికీ కరువు ఎమర్జెన్సీ ప్రకటించారు. కరువు అన్న మాట విని పెరిగినదాన్ని నేను. నాకు ఈ రోజు ఎండలో కార్న్ మీద స్కీ చేయాలని ఎంత ఆశ ఉందో, పార్కింగ్‌లో కారు పక్కన చుక్కచుక్కగా కారిపోతున్న మంచుని చూస్తే అంత దిగులేసింది. రెండూ నిజమే.

వచ్చే శనివారం ఆరుంపావుకి నా కారు కదులుతుంది. ఆరూ ఇరవైకి వచ్చేవాళ్లు వాళ్ల కారులో వాళ్లు వెళ్లండి.

అన్నా, మీరు ఇది చదువుతారని తెలుసు. ఆ ఫోటో పెద్దది చేసి ఒకసారి చూసుకోండి. మీ భుజం వెనక వాలు మీద గీతలు కనిపిస్తున్నాయి కదా, మన స్కీ గీతలనుకుని కింద ఎవరో “నైస్ ట్రాక్స్” అని రాశారు. అవి మనవి కావు. మీరు ఫోజిస్తున్నప్పుడు మీ వెనక దొర్లిన ఉండలవి.