ఏడాది ఒక్కటే చూస్తే చాలదు

1950 నాటి జర్మనీ 50 ఫెనిగ్ (యూరోకు ముందటి అర మార్కు) నాణెం దొరికితే పంట పండినట్టే అని పాత నాణేల గురించిన ఒక వ్యాసంలో రాశారు. అసలు మెలిక చెప్పలేదండీ. ఆ ఏడాది నాణేలు కోట్లలో వచ్చాయి. వాటిలో దాదాపు అన్నిటి మీదా ‘బుండెస్‌రెపుబ్లిక్ డాయిచ్‌లాండ్’ (పశ్చిమ జర్మనీ దేశం పేరు) అని ఉంటుంది, ధర నామమాత్రమే. అరుదైనది 1950 తేదీతో, టంకశాలను తెలిపే ‘జి’ అక్షరం గుర్తుతో, దేశం పేరుకు బదులు అప్పటి కేంద్ర బ్యాంకు పేరు ‘బాంక్ డాయిచర్ లెండర్’ ఉన్నది. ‘జి’ అంటే కార్ల్స్‌రూయె; ఆ టంకశాలలో ఇలాంటివి సుమారు 30 వేలే వేశారు. ఈ మూడూ కలిస్తేనే విలువ. నకిలీలూ ఉన్నాయి కాబట్టి నిపుణుడికి చూపించకుండా కొనకండి.

మిగతా టంకశాలల గుర్తులు: డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జె హాంబుర్గ్. 1951–74 మధ్య వచ్చిన మామూలు 5 మార్కుల నాణెంలో 7 గ్రాముల వెండి ఉంది, కనీసం ఆ ధర పలకాలి. 1958 ‘జె’ అయితే లెక్క వేరు, అది అరుదైనది. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ఉన్న విలువా పోతుంది!

మామూలు పశ్చిమ జర్మనీ మార్కులను జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బాంక్ ఇప్పటికీ 1.95583 మార్కులకు ఒక యూరో చొప్పున మారుస్తుంది. తూర్పు జర్మనీ అల్యూమినియం నాణేలకు ఆ వెసులుబాటు లేదు.