మంచులో ఇరుక్కుంటే ఎలక్ట్రిక్ కారు మూడు గంటల్లో చల్లబడిపోతుందా?

చలికాలం రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఇంగ్లీషులో పుట్టి ఫేస్‌బుక్‌లో కొన్నేళ్లుగా తిరుగుతున్నదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "అన్నీ ఎలక్ట్రిక్ కార్లే అయి, మంచు తుఫానులో మూడు గంటలు ట్రాఫిక్ జామ్ అయితే అన్ని బ్యాటరీలూ అయిపోతాయి. ఎలక్ట్రిక్ కార్లలో అసలు హీటింగే ఉండదు. వైపర్లు, రేడియో, జీపీఎస్ ఏవీ పనిచేయవు. రాత్రంతా ఆడవాళ్లు, పిల్లలు గడ్డకట్టిపోవాల్సిందే. రోడ్డు తెరుచుకున్నా ఒక్క కారూ కదలదు. ఎండాకాలంలో ఏసీ సంగతీ అంతే."

ఈసారి అది గుంటూరులో మా బాబాయికి చేరింది. వెంటనే ఫోన్ చేశారు. "ఒరేయ్, పిల్లల్ని ఎక్కించుకుని ఆ బ్యాటరీ కారులో తిరుగుతున్నారు. చలి తగ్గేదాకా దాన్ని పక్కన పెట్టండిరా." మేం ఉండేది ఉత్తర వర్జీనియాలో. ఇంట్లో ఒక పెట్రోల్ మినీవ్యాన్, ఒక ఎలక్ట్రిక్ కారు ఉన్నాయి. బాబాయి భయం ప్రేమతో వచ్చింది, కొట్టిపారేయలేను. కానీ ఆ మెసేజ్ నమ్మి చలికాలమంతా మినీవ్యానే తీస్తే పిల్లలకు ముప్పు తగ్గదు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

"ఎలక్ట్రిక్ కార్లలో హీటింగే ఉండదు"

ఇది పచ్చి అబద్ధం. చలి దేశాల్లో అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ హీటర్ ఉంటుంది. తేడా అంతా ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్నదే.

పెట్రోల్ ఇంజన్ కాల్చే ఇంధనంలో ఎక్కువ భాగం చక్రాలకు చేరదు, వేడిగా పోతుంది. ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ ఆ వేడిని కొంత పట్టుకుని డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి తెస్తుంది. ఫ్యాన్ దాని మీదుగా గాలిని లోపలికి కొడుతుంది. కారు నడుస్తున్నప్పుడు ఈ వేడి మనకు ఉచితం. ఎలక్ట్రిక్ మోటారు అంత వేడి వృథా చేయదు కాబట్టి బ్యాటరీ కరెంటుతో వేడి పుట్టించుకోవాలి. పాత మోడళ్లలో, కొన్ని చౌక మోడళ్లలో ఆ పని హీటర్ కాయిల్ చేస్తుంది. కొత్త వాటిలో చాలావాటికి హీట్ పంప్ ఉంటుంది. ఏసీని తిరగేసి నడిపినట్టు అనుకోండి. బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడిని కూడా లాగి లోపలికి తెస్తుంది. నిస్సాన్ లీఫ్‌లో 2013 మోడల్ నుంచే ఇది ఉంది. టెస్లా 2020లో మోడల్ వై తో మొదలుపెట్టింది. చలి మరీ ముదిరితే, మైనస్ 15, 20 దాటితే హీట్ పంప్ లాభం బాగా తగ్గిపోతుంది. అప్పుడు దాదాపు కాయిల్‌తో సమానం. తగ్గేది లాభమే, కారులో వేడి మాత్రం ఉంటుంది.

"మూడు గంటల్లో బ్యాటరీ ఖతం"

మెసేజ్ అంతా నిలబడింది ఈ మాట మీదే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఇంటి కరెంటు బిల్లు చదవడం వస్తే చాలు.

బిల్లులో ఉండే యూనిట్ లెక్కే ఇక్కడా. ఒక కిలోవాట్ పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఒక మామూలు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 60 యూనిట్లది అనుకుందాం. జామ్‌లో ఇరుక్కునేసరికి 70 శాతం మిగిలింది, అంటే 42 యూనిట్లు. అది మూడు గంటల్లో అయిపోవాలంటే గంటకు 14 యూనిట్లు లాగాలి. మన బాత్రూంలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఏడు ఒకేసారి వేసినట్టు. కారు హీటర్ పూర్తి సామర్థ్యంతో నడిచినా సాధారణంగా 5 నుంచి 7 కిలోవాట్లే. అదీ మొదట్లో, గడ్డకట్టిన కారును వేడి చేసే కాసేపే. లోపల వెచ్చబడ్డాక దాన్ని అలా ఉంచడానికి హీట్ పంప్ ఉన్న కారుకు గంటకు ఒకటిన్నర, రెండు యూనిట్లు చాలు. ఆ 42 యూనిట్లతో 20 గంటలకు పైగా కూర్చోవచ్చు. కాయిల్ హీటర్ గంటకు మూడు యూనిట్లు తిన్నా 14 గంటలు వస్తుంది. కారంతా వేడి చేయకుండా సీటు హీటర్లు వేసుకుని దుప్పటి కప్పుకుంటే ఇంకా చాలాసేపు వస్తుంది. సీటు హీటర్ తినేది మహా అయితే వంద వాట్లు.

నా లెక్క మీద నమ్మకం లేకపోతే, అమెరికాలో కార్లను పరీక్షించే కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఇదే పని చేసి చూసింది. మైనస్ 9 డిగ్రీల చలిలో ఒక టెస్లా మోడల్ 3నీ, ఒక పెట్రోల్ హ్యుందాయ్ సొనాటానూ హీటర్ వేసి కదలకుండా ఉంచారు. ఫుల్ చార్జింగ్‌తో టెస్లా దాదాపు 45 గంటలు, ఫుల్ ట్యాంకుతో సొనాటా దాదాపు 52 గంటలు వస్తాయని తేలింది. పెట్రోల్ కారుదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ 45కీ మూడుకీ ఎంత దూరం!

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిలబడి ఉన్న పెట్రోల్ కారు ఇంజన్ గంటకు సుమారు లీటరు పెట్రోల్ తాగుతుంది. లీటరు పెట్రోల్‌లో ఉన్న శక్తి దాదాపు 9 యూనిట్లకు సమానం. ఎలక్ట్రిక్ కారు రెండు యూనిట్లతో చేసే పనికి అది తొమ్మిది కాలుస్తుంది. ట్యాంకులో శక్తి అంత ఎక్కువుంది కాబట్టే నెట్టుకొస్తుంది. రిజర్వ్ లైటు వెలిగాక మంచులో ఇరుక్కుంటే దాని గతీ అంతే.

నిజంగా ఇరుక్కున్న రోజు

మాకు దగ్గరలో జరిగిందే చెబుతాను. 2022 జనవరి 3న వర్జీనియాలో మంచు విరుచుకుపడింది. ముందు వాన కురవడంతో, మంచు గడ్డకట్టకుండా రోడ్డు మీద ముందే చల్లే ఉప్పునీళ్లు చల్లడం కుదరలేదు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఐ-95 హైవే మీద ట్రక్కులు అడ్డం తిరిగాయి. వందల కార్లు రాత్రంతా అక్కడే ఉండిపోయాయి. సెనేటర్ టిమ్ కెయిన్ రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కు మామూలుగా రెండు గంటల్లో వెళ్లేవారు, ఆ రోజు 27 గంటలు పట్టింది. ఆ వారంలోనే ఎలక్ట్రిక్ కార్ల మీద విమర్శలు మొదలయ్యాయి, ఈ మెసేజ్ కూడా జోరందుకుంది. అయితే ఆ రాత్రి రోడ్డు మీద ఉన్నవాటిలో చాలావరకు పెట్రోల్, డీజిల్ బళ్లే. వాటిలో ఇంధనం అయిపోయి ఆగిపోయినవీ ఉన్నాయి. ఎవరి ప్రాణమూ పోలేదు, అంతవరకు అదృష్టం.

"వైపర్లు, రేడియో, జీపీఎస్ ఆగిపోతాయి"

వీటన్నిటినీ కలిపినా నాలుగైదు సీలింగ్ ఫ్యాన్లంత కరెంటు. ముందుకు పోదాం.

చలిలో తగ్గే మాట నిజమే

మెసేజ్‌లో ఒక నిజం దాగి ఉంది. దాన్ని దాటేస్తే నేనూ తప్పు చేసినవాణ్ణే అవుతాను. చలిలో ఎలక్ట్రిక్ కారు మామూలుగా వెళ్లినంత దూరం వెళ్లదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, అంటే ట్రిపుల్ ఏ, 2019లో చేసిన పరీక్షలో మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేసి నడిపితే రేంజ్, అంటే ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం, సగటున 41 శాతం తగ్గింది. హీటర్ వేయకపోతే తగ్గింది 12 శాతమే. చలి కన్నా హీటరే ఎక్కువ తింటోందన్నమాట. ఇప్పటి హీట్ పంప్ కార్లలో ఆ నష్టం తక్కువ. అయినా చిన్న చిన్న ట్రిప్పులకు, ప్రతిసారీ గడ్డకట్టిన కారును మొదటినుంచీ వేడి చేయాల్సి వస్తే, శాతాలు గబగబా పడిపోతాయి. మొదటి చలికాలంలో మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి, "ఆరు మైళ్లకే ఇంత తగ్గిందేమిటండీ?" అని కంగారుపడింది. అప్పటినుంచీ బయల్దేరే ముందే, చార్జర్‌కు తగిలించి ఉండగానే, ఫోన్‌లోంచి హీటర్ వేస్తాం. ఆ కరెంటు ఇంటిది, బ్యాటరీది కాదు.

పెట్రోల్ కారుకీ చలి నష్టం ఉంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం అదే మైనస్ 7 దగ్గర సిటీలో మైలేజీ 15 శాతం దాకా పడిపోతుంది. మూడు నాలుగు మైళ్ల ట్రిప్పులైతే 24 శాతం. బంకులు అడుగడుగునా ఉండటంతో మనం పట్టించుకోం.

2024 జనవరిలో షికాగోలో చలి విరుచుకుపడినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లాలు బారులు తీరాయి, కొన్ని అక్కడే ఆగిపోయాయి. అది నిజంగా జరిగింది. బ్యాటరీ గడ్డకట్టి ఉన్నప్పుడు చార్జింగ్ చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. లిథియం లోపల పేరుకుని బ్యాటరీ పాడవకుండా కారే కరెంటును తగ్గించేస్తుంది. ఇంట్లో చార్జర్ లేనివాళ్లు, బ్యాటరీ అడుగంటాక, దాన్ని ముందుగా వేడి చేయకుండా వస్తే లైను ఎంతకీ కదలదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ చార్జర్ లేని మన పిల్లలు మినియాపాలిస్ లాంటి బాగా చలి ఉండే ఊళ్లో ఎలక్ట్రిక్ కారు కొంటామంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించమనే చెబుతాను.

కానీ షికాగో బొమ్మలు చూపించేవాళ్లు నార్వే మాట ఎత్తరు. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. అక్కడ రోడ్డు మీద సహాయం చేసే వైకింగ్ అనే సంస్థ 2023 లెక్కలు చెప్పింది. స్టార్ట్ కాలేదని వచ్చిన పిలుపుల్లో ఎలక్ట్రిక్ కార్లవి 13 శాతమే, మొత్తం కార్లలో వాటి వాటా 23 శాతం. ఎలక్ట్రిక్ కార్లు సగటున కొత్తవి కాబట్టి కొంత మొగ్గు వాటికి ఉంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలోని విన్నిపెగ్ లాంటి ఊళ్లలో పార్కింగ్ స్థలాల్లో కరెంటు ప్లగ్గులు దశాబ్దాలుగా ఉన్నాయి. అవి పెట్రోల్ కార్ల కోసం. రాత్రంతా ఇంజన్‌ను కరెంటుతో వేడిగా ఉంచకపోతే అక్కడ పొద్దున్నే స్టార్ట్ కావు.

"రోడ్డు తెరుచుకున్నా కదలవు"

పూర్తిగా అయిపోయిన కారు ఏదైనా కదలదు. పెట్రోల్ కారుకు డబ్బాలో పెట్రోల్ తెచ్చి పోయొచ్చు, ఎలక్ట్రిక్ కారును చాలాసార్లు టో చేయాల్సి వస్తుంది. ఇందులో పెట్రోల్ కారుకు సౌలభ్యం ఉంది. కానీ మూడు గంటల్లో వేల బ్యాటరీలు ఒకేసారి చచ్చిపోతాయన్న మొదటి మాటే నిలవనప్పుడు, దాని మీద కట్టిన ఈ భయమూ నిలవదు.

"ఎండాకాలం ఏసీ సంగతీ అంతే"

సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ నిలబడే కార్లు మనకు తెలిసినవే. అంత జామ్ మే నెలలో అయిందనుకుందాం. బయట 40 డిగ్రీలు, లోపల 25 కావాలి. తేడా 15 డిగ్రీలే. మంచులో బయట మైనస్ 10, లోపల 20 కావాలి, తేడా 30. ఏసీకి గంటకు ఒకటి, రెండు యూనిట్లు పోతాయి. 30 యూనిట్ల చిన్న బ్యాటరీ సగం ఉన్నా ఏడెనిమిది గంటలైనా వస్తుంది.

మెసేజ్ చెప్పని ముప్పు

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పిల్లల ప్రాణాల గురించి మాట్లాడే ఆ మెసేజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ మాటే లేదు.

మంచు పేరుకుని పొగ గొట్టం మూసుకుపోతే, నడుస్తున్న పెట్రోల్ ఇంజన్ పొగ కారు అడుగు నుంచి లోపలికి వస్తుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ ఉండదు. చలికి అద్దాలన్నీ బిగించుకుని ఉంటాం కాబట్టి ఇంకా ప్రమాదం. 2016 జనవరి తుఫానులో న్యూజెర్సీలోని ప్యాసెయిక్‌లో ఒక తండ్రి కారు చుట్టూ మంచు తీస్తున్నాడు. భార్యాపిల్లలు చలికి తట్టుకోలేరని ఇంజన్ వేసి లోపల కూర్చోబెట్టాడు. గొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. ఆయన తీస్తుండగానే ఆ తల్లి, ఏడాది బాబు చనిపోయారు. పెద్దపాప కూడా తర్వాత దక్కలేదు. అక్కడ జామ్ లేదు, పెట్రోల్ అయిపోలేదు. హీటర్ చక్కగా పనిచేస్తోంది.

ఐ-95 జామ్ అయిన అదే వారం, పాకిస్తాన్‌లోని మరీ అనే కొండ ఊళ్లో మంచు చూడటానికి వెళ్లినవాళ్ల కార్లు రాత్రంతా ఇరుక్కుపోయాయి. 20 మందికి పైగా కార్లలోనే చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కొందరిని చలి చంపింది. మిగతావాళ్లలో హీటర్లు వేసుకుని పొగకు పోయినవాళ్లు ఉండొచ్చని అధికారులు అప్పుడే చెప్పారు.

ఎలక్ట్రిక్ కారుకు పొగ గొట్టం లేదు. చుట్టూ మంచు పేరుకున్నా పొగ భయం లేకుండా హీటర్ వేసుకోవచ్చు. మూసి ఉన్న గ్యారేజీలోనూ ముందుగా వేడి చేసుకోవచ్చు. మినీవ్యాన్‌తో ఆ పని ఒక్కసారి కూడా చేయకూడదు, తలుపు తెరిచి ఉంచినా సరే.

బాబాయికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. "అయితే ఆ రెండోదాంట్లో జాగ్రత్తరా" అన్నారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా మినీవ్యాన్ ట్యాంకు, ఎలక్ట్రిక్ బ్యాటరీ రెండూ సగానికి తగ్గనివ్వం. రెండింటిలోనూ దుప్పట్లు, నీళ్లు, ఫోన్ చార్జర్ ఉంటాయి. పెద్దవాడికి మాత్రం ఒకటి నేర్పాను. వ్యాన్ మంచులో ఆగిపోతే ముందు దిగి వెనక గొట్టం దగ్గర పారతో మంచు తీయాలి, ఆ తర్వాతే ఇంజన్ వేయాలి. పది నిమిషాలు నడిపి ఆపాలి. గాలి వీచే వైపు కానటువంటి అద్దం రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలి. మళ్లీ ఇంజన్ వేసే ముందు ప్రతిసారీ దిగి ఆ గొట్టం చూడాలి.