మెత్తటి హోల్‌స్టర్‌తో సుఖం రాదు, ముప్పే వస్తుంది

చెన్నైలో లైసెన్సు తుపాకీ ఉన్న మనవాళ్ళకి, ముఖ్యంగా షావుకారుపేటలోనో టీ నగర్‌లోనో కొట్టు కట్టేసి రాత్రిపూట సొమ్ముతో ఇంటికి బయల్దేరే వాళ్ళకి, ఈ మాట గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను. లైసెన్సు కోసం నెలల తరబడి తిరుగుతారు. తుపాకీకి లక్షకు అటూ ఇటూగా ఖర్చు పెడతారు. తీరా దాన్ని రోజంతా ఒంటి మీద పట్టి ఉంచాల్సిన హోల్‌స్టర్ దగ్గరికొచ్చేసరికి ఐదారు వందలు పారేసి, "అన్ని సైజులకీ పనికొస్తుంది సార్" అన్న నైలాన్ సంచీ తెచ్చుకుంటారు. వేళ్ళతో నొక్కి చూసి, మెత్తగా ఉంది, గుచ్చుకోదు అని సంతోషిస్తారు. నా అభ్యంతరమంతా ఆ మెత్తదనం మీదే.

కారణం దగ్గరగా చూడండి. గుడ్డ సంచీలోంచి పిస్టల్ బయటికి తీయగానే దాని మూతి మూసుకుపోతుంది. నడుముకి బెల్టు బిగించి ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడికి రెండు పొరలూ అతుక్కుంటాయి. తిరిగి పెట్టాలంటే రెండో చెయ్యి తెచ్చి మూతి తెరవాలి, అంటే మీ వేళ్ళు గొట్టం ముందుకి వస్తాయి. లేదా పిస్టల్ కొసతోనే పొడుస్తూ దారి వెతుక్కోవాలి. అలా పొడుస్తున్నప్పుడు మడత పడ్డ అంచు ట్రిగర్ గార్డులోకి, అంటే ట్రిగర్ చుట్టూ ఉండే కమ్మీలోకి దూరుతుంది. మీరు పైనుంచి నొక్కుతూనే ఉంటారు, ఆ మడత ట్రిగర్‌ని వెనక్కి నెడుతుంది. వాడి వాడి అంచు జావగారిపోయిన పాత తోలు హోల్‌స్టర్లలోనూ ఇదే జరుగుతుంది. చొక్కా అంచు, బనియను కొస, జాకెట్ లాగుడు తాడు, ఏది లోపలికి పోయినా అంతే. అందుకే హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. చొక్కాని ఛాతీ దాకా ఎత్తి పట్టుకుని, వేలు ట్రిగర్‌కి దూరంగా నిటారుగా ఉంచి, కళ్ళతో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి. ఏమాత్రం అడ్డు తగిలినా నొక్కకండి, బయటికి తీసి చూడండి.

ఇంకోటి. మన దేశంలో తుపాకీ కనపడకుండా పెట్టుకోవడం మన ఇష్టాయిష్టాల విషయం కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లో గానీ, భుజం సంచీ లాంటి దానిలో గానీ ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మన అదుపులో ఉండాలి. బైక్ మీద గాలికి చొక్కా లేచి గ్రిప్పు (తుపాకీ పిడి) బయటపడితే అది నియమం తప్పడమే. కాబట్టి నా తుపాకీ నా ఇష్టం అనుకునే వీల్లేదు.

మంచి హోల్‌స్టర్ అంటే ఏమిటి? సరిగ్గా మీ మోడల్ కోసమే పోతపోసినట్టు ఉండాలి. కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్‌కి చేసింది అశని అనే పిస్టల్‌కి పనికిరాదు, దానిది దీనికీ పనికిరాదు. ట్రిగర్ గార్డు రెండు వైపులా పూర్తిగా మూసి ఉండాలి, బయటినుంచి వేలితో నొక్కితే ట్రిగర్ తగలకూడదు. తుపాకీ తీశాక కూడా మూతి తెరుచుకునే ఉండాలి. నడుము నుంచి విడిగా లేచి రాకూడదు. ఇంతకీ ఎలా పరీక్షించాలి? ఖాళీ తుపాకీతో. తూటాలుండే మ్యాగజైన్ తీసి, పేలే తూటా కూర్చునే ఛాంబర్‌ని కళ్ళతో ఒకసారి, వేలితో ఒకసారి చూసి, తూటాలు ఆ గదిలోనే లేకుండా చేసి, అప్పుడు. హోల్‌స్టర్‌లో పెట్టి, పరుపు మీద తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపండి. జారి పడితే వద్దు. కదలకుండా ఉండి, లాగినప్పుడు ఒక్క గుంజుతో వస్తే సరిపోయినట్టే.

తోలా, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్కా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. చెన్నైలో ఉండి తోలు గురించి మాట్లాడకపోతే ఎలా? తోలు వ్యాపారం సాగే పెరియమేట్ వీధుల్లో అడిగితే దొరకని తోలంటూ లేదు. కానీ అడగడం తెలియాలి. హోల్‌స్టర్‌కి కావాల్సింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. మన తంగేడు చెక్కతో పదును చేసే పద్ధతి ఈ ప్రాంతానిదే, ఈఐ (ఈస్ట్ ఇండియా) తోలు అంటారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ రకం తోలు తడిపి ఒత్తితే తుపాకీ ఆకారం పట్టుకుని, ఆరాక అలాగే గట్టిపడుతుంది. బ్యాగులకీ జాకెట్లకీ వాడే, క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మెత్తన, ఆకారం నిలవదు, పైగా అందులో మిగిలే లవణాలు ఉక్కుకి మంచివి కావు. కోసిన అంచు చూడండి. మధ్యలో నీలం బూడిద రంగు గీత కనపడితే అది క్రోమ్. లోపలిదాకా గోధుమ రంగే ఉంటే మనకి కావాల్సింది. మందం 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మూతి చుట్టూ ఇంకో పొర కుట్టించాలి, తీశాక మూతి మూసుకోకుండా ఆపేది అదే. మేకతోలు, గొర్రెతోలు ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొత్త తోలు హోల్‌స్టర్ బిగుతుగా ఉందని నూనె పట్టించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఒత్తిన ఆకారమంతా పోతుంది. ఖాళీ తుపాకీకి పల్చటి ప్లాస్టిక్ కవరు రెండు పొరలు చుట్టి, లోపల పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఉదయం ప్లాస్టిక్ తీసేసి చూడండి. ఇంకా పట్టేస్తుంటే మరో రాత్రి. వానకి తడిస్తే నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పెట్టినా తోలు ముడుచుకుపోతుంది.

చెన్నై ఉక్కకి మాత్రం నా ఓటు కైడెక్స్‌కే. చెమట పీల్చదు, కడిగితే శుభ్రం, మూతి ఎప్పటికీ మూసుకోదు. సాధారణంగా 2 మిల్లీమీటర్ల రేకుతో చేస్తారు. బలహీనత ఒక్కటే, వేడి. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వంగిపోవచ్చు, ఒకసారి వంగిన దాన్ని నమ్మడానికి లేదు.

ఇక బిగుతు సర్దడం. కైడెక్స్ హోల్‌స్టర్‌కి ట్రిగర్ గార్డు దగ్గర ఒకటో రెండో స్క్రూలు, రెండు పలకల మధ్య చిన్న రబ్బరు వాషరు ఉంటాయి. ఆ రబ్బరు నలిగే కొద్దీ రెండు పలకలూ దగ్గరవుతాయి. ఒక్కసారి పావు చుట్టు తిప్పండి, అంతే. పెట్టి తీసి చూడండి. మళ్ళీ పావు. మరీ బిగిస్తే తుపాకీ లాగినప్పుడు ప్యాంటు కూడా లేచొస్తుంది, మరీ వదులైతే స్కూటర్ గుంతలో పడ్డప్పుడు తుపాకీ పైకి ఎగురుతుంది. సరిపోయిందనుకున్నాక స్క్రూ తీసి దాని మరకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి అదే బిగుతుకి తేండి. ఎర్రది వేస్తే మామూలుగా ఊడదు. స్క్రూ తల మీదుగా పలక మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే స్క్రూ వదులైనట్టు, వారానికోసారి చూస్తే చాలు.

హోల్‌స్టర్ గుచ్చుకుంటోంది అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిజానికి బెల్టువి. మామూలు ఆఫీసు బెల్టు 30 నుంచి 32 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక పొర. హోల్‌స్టర్ క్లిప్పు 38 మిల్లీమీటర్ల బెల్టుకి చేసింది. ఆ తేడాలో క్లిప్పు జారుతుంది, తుపాకీ బరువుకి బెల్టు మెలిక తిరుగుతుంది, గ్రిప్పు బయటికి వాలుతుంది. మీరు దాన్ని లోపలికి లాక్కోవడానికి బెల్టు ఇంకో రంధ్రం బిగిస్తారు, అప్పుడు నొప్పి మొదలవుతుంది. రెండు పొరలు కలిపి కుట్టిన 38 మిల్లీమీటర్ల గట్టి బెల్టు వేస్తే వదులుగా పెట్టుకున్నా బరువు మోస్తుంది. ప్యాంటు లోపల పెట్టుకునే రకమైతే ప్యాంటు నడుము కూడా ఒక అంగుళం, అవసరమైతే రెండు, ఎక్కువ తీసుకోవాలి. ఉన్న ప్యాంటులోనే ఇరికిస్తానంటే కుదరదు.

చోటు గురించి. నడుముని గడియారం అనుకోండి, బొడ్డు 12, కుడి తుంటి 3. సరిగ్గా 3 మీద ఎముక ఉంటుంది, అక్కడ పెడితే గంటలో ఒరుసుకుంటుంది. కాస్త వెనక్కి, 4 దగ్గర, ఎముక దాటాక ఒక పల్లం ఉంటుంది. చాలామంది ఒంటికి అక్కడే కుదురుతుంది. అక్కడ గ్రిప్పుని 10 నుంచి 15 డిగ్రీలు ముందుకి వంచాలి, లేకపోతే వంగినప్పుడు గ్రిప్పు కొస చొక్కాని గుడారంలా లేపుతుంది. బొడ్డు పక్కన 1 దగ్గర పెట్టుకునే పద్ధతి దాచడానికి బాగుంటుంది, కానీ గొట్టం తొడలోని పెద్ద రక్తనాళం వైపు చూస్తుంటుంది. కొత్తవాళ్ళకి నేను ససేమిరా వద్దంటాను. ఎత్తు కూడా సర్దాలి. గ్రిప్పు మీద మూడు వేళ్ళూ బెల్టుకి తగలకుండా పూర్తిగా పట్టాలి, అంతకన్నా పైకి వద్దు, తుపాకీ తల బరువై బయటికి పడుతుంది. రివాల్వర్‌కి తూటాలుండే సిలిండర్ లావు కాబట్టి ప్యాంటు లోపల కంటే బయట, ఒంటికి అదిమి ఉండే వెడల్పాటి తోలు హోల్‌స్టర్ నయం. వెనకుండే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) మీదుగా బొత్తాం పట్టీ తప్పనిసరి, పైన పొడుగు చొక్కా.

కారులో కూర్చున్నప్పుడు ఒక తేడా గమనించండి. మన కార్లలో డ్రైవర్ సీటు బెల్టు తాళం ఎడమ పక్కన ఉంటుంది, కుడి తుంటి తుపాకీకి అది అడ్డు రాదు. ముందు ఎడమ సీట్లో కూర్చుంటే తాళం సరిగ్గా కుడి తుంటి దగ్గరే. అక్కడ బెల్టు విప్పేటప్పుడు చొక్కా కూడా లేస్తుంది, జాగ్రత్త.

పంచె కట్టేవాళ్ళ సంగతి వేరు. వెల్‌క్రో పంచె తుపాకీ బరువు మోయదు. ఇక్కడ చాలామంది పెట్టుకునే ఆ వెడల్పాటి పచ్చ బెల్టు జేబులో పిస్టల్ వేసుకోవడం పిచ్చిపని, ట్రిగర్‌కి ఏ రక్షణా లేదు, పక్కనే తాళాలూ చిల్లరా. పంచె మీద వెళ్ళే రోజు ట్రిగర్ మూసే గట్టి కవచం కుట్టి ఉన్న పొట్ట పట్టీ వాడండి. లేదా తుపాకీ ఇంట్లో తాళం వేసి పెట్టండి. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే ఆడవాళ్ళకీ ఇదే చెబుతాను. తుపాకీకి విడిగా అర ఉండాలి, అందులో ట్రిగర్ మూసే హోల్‌స్టర్ ఉండాలి, ఇంకేదీ ఉండకూడదు. బ్యాగు భుజం దిగకూడదు.

కొన్నాక మొదటి వారం ఇంట్లోనే, ఖాళీ తుపాకీతో, రోజుకి రెండు మూడు గంటలు పెట్టుకుని తిరగండి. కుర్చీలో కూర్చోండి, నేల మీద బాసిపట్లు వేసుకుని భోంచేయండి, చెప్పుల పట్టీ పెట్టుకోండి. నడుము వంచకుండా మోకాళ్ళ మీద కిందికి వెళ్ళడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి. చర్మం ఎర్రబడ్డ చోటు చూసి అర అంగుళం జరపండి. వీధిలో మాత్రం పదే పదే చేత్తో తడుముకోవద్దు. చొక్కా దాచిన దాన్ని ఆ చెయ్యే చూపిస్తుంది.

చెమట మన అసలు శత్రువు. పల్చటి నూలు బనియను లోపలికి దోపి, దాని మీద హోల్‌స్టర్ పెట్టుకోండి. ఒంటి వైపు పలక పైకి పొడుచుకుని, పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ని ఒంటికి తగలనివ్వకుండా ఉండే రకం తీసుకోండి. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ లివర్ ఎడమ పక్కన ఉండే పిస్టళ్ళలో అది పొట్ట వైపే వస్తుంది, ఒరిపిడికి కిందికి జరిగిపోవచ్చు. ఆ పలక దానికీ అడ్డు. రాత్రి ఇంటికి రాగానే తుపాకీ హోల్‌స్టర్‌లోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రుద్ది, సిలికా జెల్ వేసిన పెట్టెలో పెట్టి తాళం వేయండి. తోలులో వదిలేస్తే అది పట్టిన తేమ ఉక్కుకి తుప్పు, తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తుంది.

ఎన్నికలప్పుడు తుపాకీ అప్పగించమని ఉత్తర్వు వస్తే ఇది మరీ గుర్తుంచుకోవాలి. వారాల తరబడి అది ఎవరూ తెరవని చోట ఉంటుంది. చాలామంది హోల్‌స్టర్‌తో సహా ఇచ్చేసి వస్తారు. నూనె రాసి, నూనె గుడ్డలో చుట్టి ఇవ్వండి, రసీదులో నంబరు సరిచూసుకోండి, తోలు హోల్‌స్టర్ మాత్రం ఇంటికి తెచ్చి గాలి తగిలే చోట వేలాడదీయండి.