పెద్దమ్మకు చదువొచ్చు

ఉగాది సభలో పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి పంచిన తరువాత తెర మీద వేసిన వీడియోను మీరందరూ చూసే ఉంటారు. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళిన మన సంఘం యువకులు నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని మా ఊరి బడిలో ఆడవాళ్ళకు అక్షరాలూ, సెల్‌ఫోన్ వాడకమూ నేర్పిన దృశ్యాలవి. ముందు వరుసలో చేతులు కట్టుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని, అ, ఆ అంటూ అందరితో కలిసి వల్లించిన డెబ్బై ఏళ్ళ మనిషి మా పెద్దమ్మ. హాలంతా చప్పట్లు కొట్టింది, కొందరు ముచ్చటపడి నవ్వారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా పెద్దమ్మకు చదవడం వచ్చు. నేర్పింది నేను.

1991లో కావలిలో ఇంటర్ చదువుతూ, సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీరుగా చేరి, రాత్రిళ్ళు రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని పదిమందికి పాఠం చెప్పేదాన్ని. వాచకం మొదటి పేజీలోనే పెద్దమ్మ మొండికేసింది. "ఈ బొమ్మలు నాకెందుకమ్మయ్యా, బస్సు బోర్డు చదవడం చెప్పు" అంది. మా రోడ్డు మీద తిరిగే బస్సులు కావలివి, కలిగిరివి, కందుకూరువి. మూడింటికీ మొదట్లో ఉండేది క. అంతకు ముందు వారమే ఆమె మిరపకాయల బుట్టతో కావలి బస్సనుకుని కలిగిరి బస్సెక్కి, ఆ రోజు బేరమంతా పోగొట్టుకుని వచ్చింది. వాచకం మూసి, పలక మీద మూడు ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి రాశాను. క పక్కన దీర్ఘముంటే కావలి, సున్న ఉంటే కందుకూరు, ఏదీ లేకపోతే కలిగిరి. పెద్దమ్మ ఆ మూడింటినీ వేలితో దిద్దుతూ లాంతరులో నూనె అయిపోయేదాకా లేవలేదు.

మా మండలంలోనే ఉన్న దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఇలాంటి రాత్రి బడుల్లో వాచకం చుట్టూ సాగిన మాటల్లోంచే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరువాత రోజుకో రూపాయి దాచుకున్న పొదుపులక్ష్మి సంఘాల్లో మా ఊరి సంఘం లెక్కలు రాసింది పెద్దమ్మే.

ఇప్పుడు నేను మాంట్రియల్‌లో వయోజన విద్యలో గ్రాడ్యుయేట్ డిప్లొమా చదువుతున్నాను. డిగ్రీ అయినవాళ్ళు పెద్దలకు బోధించే పద్ధతి నేర్చుకునే చదువు ఇది. పెద్దవాళ్ళు తమ అనుభవాన్ని వెంటబెట్టుకునే తరగతికి వస్తారనీ, వెంటనే పనికొచ్చేదాన్నే పట్టుకుంటారనీ అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పినది చదివినప్పుడు, 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో ఆ దేశపు విద్యావేత్త పాలో ఫ్రెయిరే సుమారు 300 మంది కూలీలకు వాళ్ళు రోజూ వాడే మాటలతోనే అక్షరాలు నేర్పిన తీరు విన్నప్పుడు, నాకు కళ్ళముందు కనిపించింది ఆ పలకే.

మన యువకులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాళ్ళు సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళారు. నేర్పేవాడి ముందు చేతులు కట్టించడం వాళ్ళు పుట్టించిన అలవాటు కాదు, మనమే ఊరి నుంచి తెచ్చి మన పిల్లలకు అప్పగించాం. పెద్దమ్మకు ఫోన్ చేస్తే, "నీకు చదువొచ్చా అని ఎవురూ అడగలేదమ్మయ్యా, పిల్లోళ్ళు చిన్నబుచ్చుకుంటారని చెప్పినట్టల్లా చేశా" అంది. ఆమెకు కావలసింది వేరే: బ్యాంకు నుంచి ఇంగ్లీషులో వచ్చే మెసేజీలో ఏముందో తెలియాలి, ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాడికి చెప్పకూడదని తెలియాలి. అది ఆ రెండు రోజుల్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే ఏడాది పలకలకూ బ్యానర్లకూ పెట్టే డబ్బును ఊళ్ళోనే ఉండే ఇద్దరి చదువుకు కేటాయించండి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వయోజన విద్యా విభాగం ఉంది, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో దూరవిద్య ద్వారా ఈ విషయంలో ఎం.ఏ. చేయవచ్చు. ఇక్కడి నుంచి వెళ్ళే పిల్లలకు ప్రయాణానికి ముందు ఒక శనివారం నేను శిక్షణ ఇస్తాను. మొదటి రోజు పలకలు పంచకముందే ఒక్కొక్కరి పక్కన కూర్చుని, వాళ్ళకు ఏమి వచ్చో, ఏది చదవాలనుకుంటున్నారో అడిగి రాసుకోమని చెబుతాను.